వెలుగును తాగేసిన పొడి

పరిశోధనలోకి కొత్తగా అడుగుపెట్టిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు లోకాభిరామాయణం మాట్లాడి, లేచేముందు ఒక మాట అడుగుతారు: "మేడం, మీ సర్వీసులో మీకు బాగా గుర్తుండిపోయిన పని ఏది?" గెలిచిన కథ వినాలని వాళ్ళకు ఆశ. అలాంటివి నా దగ్గర చిన్నాచితకా ఉన్నాయి. వాటిలో ఒకటి చెప్పి పంపించేస్తాను. నిజానికి నాకు గుర్తుండిపోయింది వేరే. అది ఓడిపోయిన పని. ఇన్నాళ్ళకు రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు ఆ సంగతి మళ్ళీ తలచుకోవాలని కోరుకోరు.

తొంభైల మొదట్లో నేను హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో బయోకెమిస్ట్రీ లెక్చరరుగా చేరాను. కెమిస్ట్రీ డిపార్టుమెంటు వెనక విరిగిన బెంచీలు పడేసిన రెండు గదులుండేవి. కొన్నేళ్ళకు ఆ గదుల్ని ప్రయోగశాలగా మార్చిన మనిషిని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. రొద్దం దగ్గర ఒక పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, బెంగళూరులో పెద్ద చదువులు చదివి, అక్కడే మంచి ఉద్యోగంలో ఉండి, ఉన్నట్టుండి అదంతా వదులుకుని మా కాలేజీకి వచ్చారు. ఎందుకొచ్చారు సార్ అని అడిగితే, "ఆడ నాలాంటోళ్ళు శానామంది ఉండారమ్మా. ఈడ ఎవురుండారు?" అనేవారు. క్లాసులో ఇంగ్లీషు, బయట రొద్దం మాట. రెండూ ఎప్పుడూ కలిపేవారు కాదు.

ఆ ప్రయోగశాలలో పనిచేసిన మా ముగ్గురిలో మూడో మనిషి జువాలజీ లెక్చరరు. హిందూపురం వాడే. ముస్లిం కుటుంబం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. కాలేజీ అంతా ఆయన్ని భాయ్ అనేది, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. వాళ్ళది పట్టు రీలింగు ఇల్లు. మార్కెట్లో పట్టుగూళ్ళు కొనుక్కొచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉడికించి దారం తీస్తారు. నాయన చిన్నప్పుడే పోతే, భాయ్‌ని చదివించింది ఆయన అక్క. ఆమె తన బడి మానేసి బేసిను ముందు కూర్చుంది. అలా కూర్చున్నది, పెళ్ళయ్యాక కూడా ఇక లేవలేదు.

బేసిను ముందు కూర్చోవడమంటే ఏమిటో చూడనివాళ్ళకు చెప్పాలి. మరిగే నీళ్ళలో గూళ్ళు తేలుతుంటాయి. ఆ ఆవిరిలోకి ముఖం వంచి, వేళ్ళతో గూటి దారపు కొస వెతికి పట్టుకోవాలి. లోపలి పురుగులు ఉడికిన వాసన షెడ్డంతా కమ్ముకుని ఉంటుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు, అలవాటైనవాళ్ళకు తెలియదు. తెలిసేది ఊపిరితిత్తులకే. అక్కకు ముప్పై దాటేసరికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. నలభై వచ్చేసరికి నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకునేది.

డాక్టర్లు స్టెరాయిడ్ బిళ్ళలు రాశారు. అవి పనిచేశాయి. ఆయాసం తగ్గింది. కానీ ఏళ్ళ తరబడి వాడేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగరు వచ్చింది, ఒకసారి గడప తగిలి పడితే మణికట్టు విరిగింది. నేను మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు, నాకు వడ్డిస్తూ నవ్వుతూనే అంది: "నా పెండ్లి ఫోటో సూడమ్మా. ఆ మనిషికీ నాకూ పోలికుండాదేమో చెప్పు. అద్దంలో సూసుకుంటే ఎవురో పక్కింటామె వచ్చినట్లుంటాది."

పోలిక లేదు. నేను ఉందనే చెప్పాను. ఆమె నమ్మలేదు.

భాయ్ మా పనిలోకి వచ్చింది ఆ అక్క కోసమే. ఆ పని ఏమిటో క్లుప్తంగా చెబుతాను. ఊపిరితిత్తుల్లో దుమ్మునూ సూక్ష్మక్రిములనూ మింగి మనల్ని కాపాడే కణాలు కొన్ని ఉంటాయి. వాటిని రోజూ విసిగిస్తే, శత్రువును చంపడానికి దాచుకున్న విషాలను అవి ఆగకుండా తయారు చేస్తాయి. ఆక్సిజన్ నుంచి పుట్టే విషాలవి. కణం లోపల మొదలైన ఆ మంట చుట్టూ ఉన్న కండకు పాకుతుంది. దానినే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. స్టెరాయిడ్ ఒళ్ళంతటినీ జోకొట్టి ఆ మంటను అణిచిపెడుతుంది. అలా కాకుండా, కణం లోపలికే వెళ్ళి ఆ విషాలను అక్కడికక్కడే విరిచేసే మందు ఉంటే?

పెద్దసారు దగ్గర ఒక పొడి ఉండేది. సీరియం ఆక్సైడ్. కళ్ళద్దాల బిళ్ళలు నునుపు చేయడానికి వాడతారు. బెంగళూరులో ఆయన దాంతోనే పనిచేశారు. దాన్ని మామూలు సూక్ష్మదర్శినికి కూడా దొరకనంత సన్నటి రేణువులుగా చేస్తే, ఆ రేణువు ఆక్సిజన్ విషాలను పట్టుకుని విరిచేస్తుందనీ, తాను అరిగిపోకుండా మళ్ళీ అదే పనికి సిద్ధమవుతుందనీ ఆయన నమ్మకం. నానో అనే మాట అప్పుడప్పుడే అందరి నోళ్ళలో నానుతోంది. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు.

పెద్దసారు పొడి చేసేవారు. నేను ఎలుక నుంచి తీసిన కణాలను సీసాల్లో పెంచేదాన్ని. వాటిని బెంగళూరు నుంచి రైల్లో, థర్మోకోల్ పెట్టెలో, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. కరెంటు పోతే కణాలు చచ్చేవి. మళ్ళీ బెంగళూరు రైలు. భాయ్ కొలిచేవాడు. కణం లోపల మంట ఉంటే ఆకుపచ్చగా మెరిసే ఒక రంగు ఉంది. కణాలను రెచ్చగొట్టి, ఆ రంగు వేసి, మిషనులో పెడితే మెరుపు ఎంతో అంకెలో వస్తుంది. మా పొడి కలిపిన గొట్టాల్లో మెరుపు తగ్గాలి.

తగ్గింది. మొదటిసారే తగ్గింది. పొడి ఎక్కువ వేస్తే ఇంకా ఎక్కువ తగ్గింది. ఆ రోజు భాయ్ మిషను ముందు నుంచి లేచి, వరండాలోకి పోయి, గోడకు ఆనుకుని నిలబడి ముఖం తుడుచుకున్నాడు. పెద్దసారు మాత్రం, "ఎగరద్దప్పా. ఇంకా గొట్టాల్లోనే ఉండాము, ఎలుక దాకా గూడా పోల్యా" అన్నారు. అన్నారే గానీ ఆయన గొంతులోనూ మార్పు వచ్చింది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ప్రతిసారీ మెరుపు తగ్గేది. సదస్సుల్లో చెప్పాము. పరిశోధన పత్రికల్లో మా వ్యాసాలు వచ్చాయి. ఢిల్లీ నుంచి గ్రాంటు వచ్చింది, కొత్త మిషను వచ్చింది, సహాయకురాలిగా ఒక అమ్మాయి వచ్చింది. పెనుకొండ అమ్మాయి. ఎమ్మెస్సీ అప్పుడే ముగించింది. రోజూ రైల్లో వచ్చిపోయేది. మాటలు తక్కువ, గొట్టాలు కడిగేటప్పుడు మాత్రం తనలో తాను ఏదో పాడుకునేది.

ఆ సమయంలోనే ఒక విలేకరి వచ్చాడు. పెద్దసారు అతనికి గంటసేపు జాగ్రత్తగా వివరించారు. మనుషులకు ఇవ్వడానికి ఇంకా చాలా కాలం పడుతుందని రెండు మూడుసార్లు చెప్పారు. మర్నాడు జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో, ఆయాసానికి హిందూపురం మందు అని వచ్చింది.

ఆ తర్వాత కాలేజీ గేటు దగ్గరికి మనుషులు రావడం మొదలైంది. ధర్మవరం నుంచి మగ్గం నేసేవాళ్ళు, చెన్నేకొత్తపల్లి నుంచి చెనిక్కాయలు, అంటే వేరుశెనగ, ఆడే మిల్లు దుమ్ములో పనిచేసేవాళ్ళు, ఆమడగూరు నుంచి ఒక ముసలాయన, భార్యను ఆటోలో పడుకోబెట్టుకుని. చేతుల్లో ఎక్స్‌రే కవర్లు. మందు లేదని చెబితే వాళ్ళకు అర్థమయ్యేది వేరు. ఉన్నా ఇవ్వడం లేదని. ఆమడగూరు ముసలాయన నా కాళ్ళ మీద పడబోయాడు. "మాకేం ఎక్కువొద్దు తల్లీ. ఒగ రవ్వంత పొట్లం కట్టియ్యి. ఆమెకు సరిపోతాది" అన్నాడు. ఆ మనిషిని లేపి పంపించడానికి నాకు చేతకాలేదు. వాచ్‌మన్ పంపించాడు.

అక్క మాత్రం మందు ఇమ్మని ఎప్పుడూ అడగలేదు. నేను వాళ్ళింటికి పోయినప్పుడు ఒకసారి తమ్ముడు వినకుండా మెల్లగా, "యాడిదాకా వచ్చిందమ్మా?" అంది.

"ఇంకా ఎలుకల మీద చూడాల అక్కా. తర్వాత డాక్టర్లు చూడాల. ఏండ్లు పడతాది."

"ఏండ్లంటే నాకు యాడుండాయమ్మా!" అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. ఇంటర్ చదివే కూతురు నీళ్ళు తెచ్చింది. తాగి, ఆ పిల్ల లోపలికి పోయాక అంది: "పోనీలే. తొందరేం ల్యా. మీరు చేస్తాండారని తెలిస్తే సాలు, రాత్రిపూట అదే ధైర్యం."

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం వాపు కాస్త తీసినట్టు నాకు అనిపించింది. పెళ్ళి ఫోటోలోని మనిషి ఛాయ కొద్దిగా తేలింది. మంచిదే అనుకున్నాను.

ఆ ఏడాది వేసవి తర్వాత పెనుకొండ అమ్మాయి పనికి రావడం మానేసింది. ఒకరోజు, రెండు రోజులు జ్వరమేమో అనుకున్నాం. వారం గడిచినా రాలేదు. నేనే బయల్దేరి వెళ్ళాను. కొండ కింద సందులో చిన్న ఇల్లు, ముందు గదిలో వాళ్ళ నాయన కుట్టుమిషను. నన్ను చూసి ఆయన గబగబా లేచి కుర్చీ తుడిచాడు.

"రాండి మేడం. ఏమైందో మాకే తెల్దు. పోమ్మా అంటే పోనంటాది. ఎవురన్నా ఏమన్నా అనిరా అంటే అదీ కాదంటాది. తిండి తినదు, ఒగటే మూల కూచోనుంటాది."

అమ్మాయి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. వాళ్ళ నాయన బయటికి పోయాక అడిగాను.

"మేడం, నేనేదో తప్పు చేసుంటాను. మీరొచ్చి మళ్ళీ చేసి చూడండి" అంది.

"ఏం చేసినావు?"

"గొట్టాలు కడుగుతాంటి మేడం. ఒకదాంట్లో మెరిసే రంగునీళ్ళు మిగిలుండె. కణాలేం లేవు దాంట్లో. మిషను సరిచూసేదానికి ముందే మెరిసేటట్లు చేసి పెట్టుకున్న ఉత్త రంగు. పక్కన పొడి మిగిలిన గొట్టం. రెండూ సింకులో పారబోయకూడదని ఒకదాంట్లో కలిపి పక్కన పెడితి. అన్నం తినొచ్చి చూస్తే..."

"చూస్తే?"

"మెరుపు లేదు మేడం. పొడి అడుగుకు దిగింది, పసుపెక్కింది. పైన నీళ్ళు తేటగా ఉండాయి. రంగంతా పొడే తాగేసింది."

ఇంకోసారి చేసి చూశావా అని అడిగాను. ఆ అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ చెప్పింది: "మళ్ళీ చేసినా. మళ్ళీ అంతే. నాలుగు రోజులు అదే చేసినా మేడం. భాయ్ సార్ మొహం చూడలేక మానేస్తిని."

పరిశోధన చేసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. చేయనివాళ్ళ కోసం చెబుతాను. మేము ఇన్నేళ్ళూ కొలిచింది కణం లోపల మంట చల్లారడాన్ని కాదు. ఆ మంట అలాగే ఉంది. మంటను చూపించే రంగును మా పొడి తనలోకి లాక్కుంటోంది. దీపం ఆరలేదు, దీపానికి గుడ్డ కప్పాము, చీకటైందని సంబరపడ్డాము. ఆ రోజుల్లో అందరూ కొలిచే పద్ధతి అదే. పత్రికలవాళ్ళూ అడగలేదు, ఢిల్లీ వాళ్ళూ అడగలేదు. కణాలు లేకుండా ఉత్త రంగులో పొడి వేసి చూడండని ఎవరూ అనలేదు.

ఆ మధ్యాహ్నం రైల్లో ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని హిందూపురం వచ్చాను.

మర్నాడు పెద్దసారు ముందు, భాయ్ ముందు ఆ అమ్మాయి మళ్ళీ చేసింది. నీలి దీపం కింద గొట్టం ఆకుపచ్చగా మెరుస్తోంది. పొడి వేసి కదిపింది. కాసేపటికి మెరుపు మసకబారింది, తర్వాత పోయింది.

భాయ్ చాలాసేపు ఆ గొట్టాన్నే చూశాడు. "నేను వేస్తా" అన్నాడు. కొత్త గొట్టం తీశాడు, కొత్త రంగు కలిపాడు, కొత్త డబ్బా మూత తీసి పొడి తూచాడు. మెరుపు పోయింది. ఇంకో గొట్టం. పోయింది. పొడి సగం చేసి ఇంకోటి. సగం పోయింది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో! ఇన్నేళ్ళూ మేము గ్రాఫులు గీసి, మందు మోతాదు పెరిగేకొద్దీ మంట తగ్గుతోందని సదస్సుల్లో చూపించిన గీత ఇదే. కణాలు లేకుండా, ఉత్త గాజుగొట్టంలో.

ఇంకో గొట్టం తీయబోతుంటే పెద్దసారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఇంక సాలప్పా."

"ప్రతిసారీ తగ్గింది సార్" అన్నాడు భాయ్. "నా సేత్తో నేనే కొలిచినా. తగ్గినప్పుడంతా అక్కకు తగ్గుతాందనుకుంటి."

తర్వాత నెలపాటు రంగుతో పనిలేని వేరే పద్ధతుల్లో చూశాము. పొడి ఏమీ చేయడం లేదని కాదు. చేస్తోంది, ఉందో లేదో తెలియనంత. కొన్ని కణాలు ఆ పొడి వల్లే చచ్చిపోతున్నాయి కూడా. మా గీతలతో ఎక్కడా పోలిక లేదు. పత్రికలకు రాసి మా వ్యాసాలు వెనక్కి తీసుకుంటున్నామని పెద్దసారు నిర్ణయించారు. కాలేజీ నడిపే కరస్పాండెంటు పిలిపించి బతిమాలాడు. "సార్, ఎవురడిగినారు మిమ్మల్ని? ఊరికే ఉండండి, నాలుగేండ్లు పోతే అందరూ మరిచిపోతారు. గ్రాంటు పోతాది, కాలేజీ పేరు పోతాది" అన్నాడు. మంచి మనిషే, భయస్థుడు. పెద్దసారు నిలబడే విని, నిలబడే నమస్కారం పెట్టి వచ్చేశారు.

అప్పటికే ధర్మవరంలో ఆయనకు సన్మానం పెట్టుకున్నారు. ఊరి పెద్దలు, కొందరు డాక్టర్లు, మగ్గాలవాళ్ళు కలిసి ఒక కల్యాణమండపంలో ఏర్పాటు చేశారు. రాలేనని ఫోను చేయొచ్చు. "ఆడికే పోతా" అన్నారు. "మందు వస్తాదని పేపర్లో చదివినోళ్ళు ఆడుంటారు. రాదని ఆళ్ళకు నా నోటితోనే చెప్పల్ల." భాయ్, నేను, పెనుకొండ అమ్మాయి కూడా వెళ్ళాము. భాయ్ దారిలో చెప్పాడు, అక్కకు ఇంకా చెప్పలేదని. చెప్పడానికి రోజూ అనుకుంటున్నాడు, షెడ్డు దాకా పోయి వెనక్కి వస్తున్నాడు.

మండపం నిండా జనం. మైకు గరగర. ముందు వరసల్లో డాక్టర్లు, వెనక మగ్గాలవాళ్ళు, ఆడవాళ్ళు, కొందరి చేతుల్లో అవే ఎక్స్‌రే కవర్లు. పొగడ్తలు ముగిశాక పెద్దసారు లేచారు. రాసుకొచ్చిన కాగితం తీయలేదు. ఇంగ్లీషు ఒక్క ముక్క వాడలేదు.

"అయ్యా, అమ్మా, నేను ఈడికి సన్మానానికి రాల్యా. ఒగ మాట చెప్పడానికి వచ్చినా. మేము కనుక్కున్నామన్న మందు మందు గాదు. మేము తప్పుగా కొలిచినాము. ఆయాసం తగ్గించే గుణం దాంట్లో ఉండాదని మేము చెప్పింది నిజం గాదు. ఇది మాకే ఈమధ్య తెలిసింది. ఎవురూ దానికోసం ఎదురు సూడద్దండి. మీ డాక్టరు ఏమి రాసిచ్చినాడో అదే వాడుకోండి. నన్ను మన్నించండి."

కూర్చున్నారు. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే అందరూ కొట్టారు. వ్యాఖ్యాత మైకు అందుకుని గద్గదంగా, "చూశారా, ఎంత సాధించినా ఏమీ సాధించలేదని చెప్పే వినయం! ఇలాంటి మహానుభావులు మన సీమలో పుట్టడం మన అదృష్టం" అన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. పెద్దసారు లేచి, "కాదయ్యా, వినయం గాదు, నిజంగానే..." అన్నారు. అప్పటికే ఇద్దరు ఆయన భుజాల మీద పట్టుశాలువా కప్పుతున్నారు. ఫోటోగ్రాఫరు ఇటు చూడండి సార్ అంటున్నాడు. మెట్లు దిగి వస్తుంటే ఒక మగ్గం మనిషి ఆయన చెయ్యి పట్టుకుని, "ఎంత కాలమైనా ఎదురు సూస్తా ఉంటాము సామీ, మీరు నిదానంగానే చేయండి" అన్నాడు.

నాకు ఆయన ముఖం చూడాలంటే భయమేసింది. చూశాను. నీళ్ళలో మునుగుతున్నవాడు అరిస్తే ఒడ్డున ఉన్నవాళ్ళు చెయ్యి ఊపినట్టుంది ఆయనకు.

తిరుగు రైలెక్కాము. పెనుకొండ వస్తోందనగా అమ్మాయి బ్యాగు సర్దుకుంది. పెద్దసారు ఆమెతో, "ఇన్నేండ్లలో మన ల్యాబులో సరిగ్గా జరిగిన ప్రయోగం నువ్వు చేసిందొగటే. అది మర్చిపోవద్దు" అన్నారు. ఆమె తల ఊపింది. రైలు దిగి, వెనక్కి చూడకుండా జనంలో కలిసిపోయింది. మళ్ళీ పనికి రాలేదు. తర్వాత టీచరు ఉద్యోగం వచ్చిందని విన్నాను. పిల్లలకు లెక్కలు చెబుతోందట, సైన్సు కాదు.

మర్నాడు భాయ్ అక్కకు చెప్పాడు. ఎలా చెప్పాడో నాకు తెలియదు. మధ్యాహ్నం క్లాసు జరుగుతుండగా తలుపు దగ్గరికొచ్చి నన్ను పిలిచాడు. "మేడం, అక్క బిళ్ళలు మానేసిందంట. శానా రోజులైందంట."

ఎవరో చెప్పారట ఆమెకు. పాత మందు ఒంట్లో ఉంటే కొత్త మందు ఎక్కదని. మా గేటు దగ్గర ఎక్స్‌రే కవర్లతో నిలబడ్డవాళ్ళలో పుట్టిన మాటే అయి ఉంటుంది. పేపర్లో వచ్చినప్పటి నుంచి ఆమె బిళ్ళలు కొంచెం కొంచెంగా తగ్గించి, ఆఖరికి పూర్తిగా మానేసింది. తమ్ముడు తెచ్చిచ్చిన వాటిని బియ్యం డబ్బాలో దాచింది. తొలి మందు ఎవరికన్నా ఇవ్వాల్సి వస్తే తాను సిద్ధంగా ఉండాలనుకుంది. ఆయాసం వస్తే షెడ్డు వెనక్కి పోయి కూర్చునేది. ముఖం వాపు తీసిందని నేను సంతోషించిన రోజు గుర్తొచ్చింది. అది జబ్బు తగ్గడం కాదు, బిళ్ళ మానడం.

ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ వాడిన ఒళ్ళు తన సొంతంగా తయారు చేసుకోవాల్సింది చేసుకోవడం మరిచిపోతుంది. బిళ్ళ మానేస్తే, మామూలు జ్వరం వచ్చినా తట్టుకోలేదు. ఆమెకు అప్పటికే జ్వరం. మేము పోయేసరికి మంచం మీద పెదవులు నల్లబడి ఉన్నాయి. హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరు సూదులేశాడు, ఆక్సిజన్ పెట్టాడు. ఇంత ఆలస్యంగానా తెచ్చేది అని భాయ్‌ను తిట్టాడు. నువ్వు చదువుకున్నోనివే గదా అన్నాడు. భాయ్ తల వంచుకుని విన్నాడు.

రెండో రోజు ఆమెకు కొంచెం తెలివొచ్చింది. నేను పక్కన కూర్చుని ఉన్నాను. ముక్కు మీది గొట్టం పక్కకు జరుపుకుని మాట్లాడింది.

"పన్జేయల్యా అంట గదమ్మా."

"అవునక్కా."

"తమ్ముడు నా కాళ్ళకాడ కూచోని ఏడ్చినాడు. నేనే ఊరుకోబెట్టినా. పిచ్చోడు, వాడేం జేస్తాడు?" కాసేపు ఊపిరి తీసుకుంది. "పెద్దసారుకు గూడా చెప్పమ్మా, మనసు కష్టపెట్టుకోవద్దని. ఆయన ఒగసారి మా ఇంట్లో అన్నం తినె. సారు మంచోడు."

"చెబుతానక్కా. నువ్వు మాట్లాడొద్దు."

"ఒగటి జెప్తా. మా పాపను ఆ బేసిను కాడ కూచోబెట్టొద్దని మా ఇంటాయనకు చెప్పు. నువ్వు చెప్తే వింటాడు. నేను చెప్తే ఇంట్లో గంజెట్ల కాగేది అంటాడు. నువ్వు చెప్పు."

చెబుతానన్నాను. ఆ మరుసటి రోజు తెల్లవారేలోపు ఆమె పోయింది. పెద్దసారు వచ్చారు. ఖనన స్థలం దాకా అందరితో పాటు నడిచారు. భాయ్ దగ్గరికి పోయి నిలబడ్డారు. భాయ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అంతే. తర్వాత ఆ ఇద్దరూ ఒకే కాలేజీలో చాలా ఏళ్ళు పనిచేశారు. ఎదురుపడితే బాగున్నారా అంటే బాగున్నారా అనుకునేవారు. ఆ రెండు గదుల్లోకి భాయ్ మళ్ళీ అడుగుపెట్టలేదు. గ్రాంటు వెనక్కి పోయింది, మిషనును ఇంకో కాలేజీకి తరలించారు. పెద్దసారు రిటైరయ్యేదాకా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు పాఠాలు చెప్పారు. బాగా చెప్పేవారు. పరిశోధన గురించి ఎవరన్నా అడిగితే, కిటికీలోంచి బయటికి చూసి, "సిలబసులో లేనిది వద్దు నాయనా" అనేవారు. రిటైరైన మరుసటి ఏడు పోయారు.

ఆ పొడి మీద ఇప్పటికీ ఎక్కడెక్కడో పనిచేస్తున్నారని వింటుంటాను. మాకంటే మంచి పద్ధతులున్నాయి, మాకంటే మంచి మిషన్లున్నాయి. మేము చేసిన పొరపాటును ఇప్పుడు పాఠంగా చెబుతారు. మొదటి వారమే పిల్లలకు నేర్పిస్తారు, కణాలు లేకుండా ఒక గొట్టం పెట్టి చూడాలని. ఎప్పుడన్నా నిజంగా మందు వస్తే సంతోషిస్తాను. వస్తుందని మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఆ మాట చెప్పడం మానేసి చాలా కాలమైంది. పరిశోధనలోకి వచ్చే మీరు కూడా, చేతిలో మందు పట్టుకున్నాకే చెప్పండి. అంతకుముందు చెబితే వినేవాళ్ళు మీరన్న మాట వినరు, వాళ్ళకు కావలసింది వింటారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. ఊపిరాడని మనిషి ఇంకేం వింటాడు?

అక్క చెప్పమన్న మాట ఆమె భర్తకు చెప్పాను. ఆయన పట్టుగూళ్ళ మార్కెట్లో మూటలు మోసేవాడు. నలభైరోజుల ఫాతిహా ప్రార్థనలు అయ్యాక పోయాను. నా మాట పూర్తిగా విన్నాడు. గోడ వైపు చూస్తూ, "ఆమె ఆఖరి మాట నాకు చెప్పకుండా మీకు చెప్పిందా?" అని మాత్రం అడిగాడు. ఇంటర్ అయ్యేదాకా సదివిస్తా అన్నాడు. చదివించాడు కూడా.

కొన్నేళ్ళ తర్వాత భాయ్ ఇంట్లో ఏదో శుభకార్యానికి పిలిస్తే వెళ్ళాను. భోజనాలయ్యాక వెనక సందులోంచి రోడ్డు మీదికి వస్తుంటే ఆ రేకుల షెడ్డు తలుపు తెరిచి ఉంది. ఆవిరి బయటికి వస్తోంది. లోపల బేసిను ముందు ఆ పాప కూర్చుని ఉంది. పాప అనకూడదు, పెళ్ళయింది. నన్ను చూసి గబుక్కున లేవబోయింది.

"కూచోమ్మా, పని చూసుకో" అన్నాను. "ఎట్లుండావు?"

"బాగుండా మేడం. మీరెట్లుండారు? అన్నం తింటిరా?"

తిన్నానని చెప్పాను. ఇంకేమన్నా అడగాలనిపించింది. ఆ పిల్ల అప్పటికే నీళ్ళ మీదికి వంగి, గూటి కొస వెతుక్కుంటోంది. దగ్గు ఇంకా మొదలుకాలేదు. కాసేపు గుమ్మంలో నిలబడి విన్నాను, లేదని రూఢి చేసుకుని బస్టాండుకు నడిచాను.